ఓడిపోయిన కేసు, గెలిచిన ప్లీడరు

అమెరికా దక్షిణాన అలబామా రాష్ట్రంలో మన్రోవిల్ అని ఒక చిన్న ఊరు. 1997లో ఆ రాష్ట్ర లాయర్ల సంఘం అక్కడ ఒక లాయరు పేరు మీద స్మారకం పెట్టింది. ఆ లాయరు పేరు ఆటికస్ ఫించ్. ఆయన పుట్టిందీ లేదు, పోయిందీ లేదు, ఏ కోర్టులోనూ వకాల్తా వేసిందీ లేదు. హార్పర్ లీ 1960లో అచ్చేసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల్లో పాత్ర. రాష్ట్ర న్యాయచరిత్రలో మైలురాళ్ళని గుర్తుచేసుకోవాలనుకుని, మొట్టమొదటి రాయి ఒక కల్పిత ప్లీడరుకి వేశారు. పైగా ఆ ప్లీడరు పేరు నిలబెట్టిన కేసు ఆయన ఓడిపోయిన కేసు.

ఏ చిన్న ఊరి గురించి చదివినా ‘ప్రముఖులు’ అని ఒక జాబితా కనిపిస్తుంది. మన ఊళ్ళకీ ఉంటుంది: ఒక స్వాతంత్ర్య సమరయోధుడు, ఒకరిద్దరు ఎమ్మెల్యేలు, ఒక సినిమా నటుడు, అదృష్టం బావుంటే ఒక కవి. మన్రోవిల్ జనాభా దాదాపు 6,000. మాంట్‌గొమరీకీ మొబైల్‌కీ మధ్య, పెద్ద రోడ్డుకి కాస్త ఎడంగా ఉంటుంది. 1937 నుంచి అక్కడి ఆడవాళ్ళకి పని దొరికిందంటే ఒక లోదుస్తుల మిల్లు వల్ల. అంత ఊరికి ఉన్న జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. హార్పర్ లీ పుట్టింది అక్కడే, 1926లో. పోయిందీ అక్కడే, 2016లో. ట్రూమన్ కపోటీ చిన్నప్పుడు కొన్నేళ్ళు ఆమె పక్కింట్లో, తల్లి తరఫు బంధువుల దగ్గర పెరిగాడు. నవలాకారుడు మార్క్ చిల్డ్రెస్ అక్కడే పుట్టాడు. పత్రికారచనకి 2007లో పులిట్జర్ అందుకున్న సింథియా టక్కర్‌దీ ఆ ఊరే. లీకి 1961లోనే పులిట్జర్ వచ్చింది కాబట్టి ఆరు వేల మంది ఊరికి రెండు పులిట్జర్లు. అలబామా శాసనసభ 1997లోనే ఈ ఊరిని రాష్ట్ర సాహిత్య రాజధానిగా ప్రకటించింది.

ఇంతమంది నిజమైన మనుషులుండగా ఊరు నెత్తిన పెట్టుకున్నది మాత్రం పుస్తకంలో మనిషిని. ఇది వింతగా ఉందని నవ్వుకుని వదిలెయ్యచ్చు. నాకు మాత్రం ఇది విమర్శకి సంబంధించిన ప్రశ్నలాగే కనిపిస్తుంది. ఊరు ఆ నవలని ఎలా చదువుకుంది? అలా చదువుకోడానికి నవల ఎంతవరకు వీలిచ్చింది?

*

ఊరి మధ్యలో గడియారపు గోపురం ఉన్న పాత కోర్టు ఉంది. 1900ల మొదట్లో కట్టారు. 1963లో కొత్త కోర్టు వచ్చేదాకా అందులోనే కేసులు నడిచాయి. లీ తండ్రి అమేసా కోల్‌మన్ లీ ప్లీడరు. చిన్నప్పుడు ఆమె ఆ కోర్టు హాలు చూస్తూ పెరిగింది. 1962 సినిమా తీసినవాళ్ళు హాలీవుడ్‌లో దీనికి నకలుగా సెట్టు వేసుకున్నారు. ఇప్పుడది మ్యూజియం. ప్రతి వసంతంలోనూ ఊరివాళ్ళే వేషాలు కట్టి నవలని నాటకంగా ఆడుతూ వచ్చారు. మొదటి అంకం కోర్టు బయట పచ్చిక మీద, రెండో అంకం లోపల అసలు హాల్లో. విరామంలో ప్రేక్షకుల్లోంచి పన్నెండుమంది మగవాళ్ళని పిలిచి జ్యూరీగా కూర్చోబెడతారు. కథాకాలం 1930లు. అప్పటి అలబామాలో ఆడవాళ్ళని జ్యూరీలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ మాటకొస్తే 1966 దాకా రానివ్వలేదు.

ఈ నాటకపు ఏర్పాటు నన్ను చాలారోజులు పట్టుకుంది. ఆ పన్నెండుమందికి తీర్పు ముందే తెలుసు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ, తను చెయ్యని అత్యాచారానికి దోషి అని వాళ్ళే తేల్చాలి. ఎడమచెయ్యి పనిచెయ్యనివాడు ఆ దెబ్బలు కొట్టలేడని కళ్ళముందే రుజువైనా తేల్చాలి. అయినా హాల్లో ఎవరికీ తాము ఆ జ్యూరీ వైపున్నామన్న భావన ఉండదనుకుంటాను. అందరం ఆటికస్ వైపే ఉంటాం. దోషులుగా కూర్చున్నవాళ్ళు కూడా మనసులో ఆయన పక్కనే నిలబడి ఉంటారు. ఈ కథకున్న బలమూ చిక్కూ అదే. ఏ ఊరు ఆ తీర్పు ఇచ్చిందో ఆ ఊరే, తీర్పు వల్ల కాకుండా వాదన వల్ల తనని తాను గుర్తుపట్టుకునే వీలిస్తుంది.

ఊరు దాన్ని బాగానే వాడుకుంది. ఎంతగా అంటే, తన పేరూ పుస్తకం పేరూ పెట్టి సామాన్లు అమ్ముకుంటున్నారని 2013లో లీ స్వయంగా ఆ మ్యూజియం మీద దావా వేసింది. మరుసటేడు రాజీ అయింది.

*

నవల వెనక ఊళ్ళో నిజంగా జరిగినదేమిటి? 1919లో లీ తండ్రి ఇద్దరు నల్లజాతి ముద్దాయిల తరఫున, ఒక హత్యకేసులో వాదించాడు. వాళ్ళు తండ్రీకొడుకులు. ఇద్దరినీ ఉరితీశారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ క్రిమినల్ కేసు పట్టలేదని లీ జీవితచరిత్రకారులు రాశారు. 1933 చివర్లో వాల్టర్ లెట్ అనే నల్లజాతి మనిషి మీద ఒక తెల్లామె అత్యాచారం కేసు పెట్టింది. 1934లో మరణశిక్ష పడింది. తర్వాత గవర్నరు దాన్ని యావజ్జీవంగా మార్చాడు. అప్పటికే లెట్‌కి మతి చలించింది. 1937లో క్షయతో పోయాడు. ఈ వార్తలు వేసిన ఊరి పత్రిక ‘మన్రో జర్నల్’ 1929 నుంచి 1947 దాకా లీ తండ్రిదే. కేసు నడిచేనాటికి లీకి ఏడెనిమిదేళ్ళు. నవల్లో స్కౌట్ వయసూ దాదాపు అంతే.

చరిత్రకారుడు జోసెఫ్ క్రెస్పినో 2018లో ఆటికస్ ఫించ్ ‘జీవితచరిత్ర’ రాశాడు. పేరు వింటే తమాషాగా ఉంటుంది కానీ, అది నిజానికి లీ తండ్రి సంపాదకీయాలు చదివి రాసిన పుస్తకం. అందులో కనిపించే మనిషి మూకహింసని అసహ్యించుకున్నవాడు, చట్టం మీద గురి ఉన్నవాడు, మర్యాదస్తుడు. నల్లవాళ్ళు తనతో సమానంగా ఓటు వేసి, అదే బడిలో తన మనవలతో కూర్చోవాలన్న ఆలోచన మాత్రం ఆయనకి సహజంగా తోచిన విషయం కాదు. దక్షిణాది చిన్న ఊళ్ళల్లో ఇలాంటి పెద్దమనుషులు కొల్లలు. వాళ్ళ మంచితనం నిజమే, దాని హద్దూ నిజమే.

కూతురు అందులోంచి ఆటికస్‌ని తీసింది. తీసేటప్పుడు హద్దుని కథ బయట పెట్టేసింది. నవలని మళ్ళీ చదివినప్పుడు నా చూపు ఆగిన చోట్లు మూడున్నాయి.

ఒకటి, అందరూ మెచ్చుకునే దృశ్యం. తీర్పు అయిపోయాక ఆటికస్ హాల్లోంచి నడిచి వెళ్తుంటే పైన బాల్కనీలో నల్లవాళ్ళందరూ లేచి నిలబడతారు. కింద కూర్చునే హక్కు లేనివాళ్ళు వాళ్ళు. అప్పుడే వాళ్ళల్లో ఒకణ్ణి ఆ ఊరు చావుకి అప్పజెప్పింది. ఆ క్షణంలో వాళ్ళకి కోపం రాదా, భయం వెయ్యదా? వాళ్ళు చేసే పని లాయరుకి గౌరవం చూపించడం ఒక్కటే. మర్నాడు పొద్దున ఆయన వంటింటి నిండా వాళ్ళు పంపిన తిండి. చదువుతుంటే గొంతు పట్టుకుంటుంది, కాదనను. కానీ ఆ పూట టామ్ ఇంట్లో పొయ్యి వెలిగిందా అని నవల మనల్ని అడగనివ్వదు.

రెండు, టామ్ చావు. జైల్లోంచి పారిపోబోతే కాల్చేశారన్న కబురు బయటినుంచి వస్తుంది. అతని భార్య హెలెన్ కుప్పకూలిన సంగతి మనం చూడం. చూసిన డిల్ చెబితే స్కౌట్ వింటుంది, స్కౌట్ చెబితే మనం వింటాం. దుఃఖం రెండు చేతులు మారి మనదాకా వస్తుంది. పిల్ల చెప్పే కథ కాబట్టి అంతేగా అనచ్చు. నిజమే. ఆ ఎంపిక ఎవరి ఇళ్ళల్లోకి వెళ్ళకుండా ఆపుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

మూడోది నవలకి అనుకూలమైనదే. విచారణ నడుస్తుండగా, సర్కారు వకీలు టామ్‌తో మాట్లాడే తీరు భరించలేక ఒక పిల్లాడు ఏడుపు మొదలెడతాడు. వాడు డిల్. డిల్‌కి మూలం పక్కింటి కపోటీ. వాడు ఆ ఊరివాడు కాడు, వేసవిలో వచ్చిపోయే పిల్లాడు. స్కౌట్‌కి ఆ గొంతు అలవాటైపోయింది. లాయర్లు అలాగే మాట్లాడతారని వాణ్ణి సముదాయించబోతుంది. ఊరివాళ్ళ చెవులకి మామూలైపోయినదాన్ని బయటివాడి చెవి పట్టుకోవడం లీ తెలిసే రాసింది. నవల మొత్తంలో ఊరిని నిలదీసే చోటు అదేనని నాకనిపిస్తుంది. నాటకం చూసి ఇంటికెళ్ళేవాళ్ళకి గుర్తుండేది ఆ ఏడుపు కాదు, ఆటికస్ ముగింపు ఉపన్యాసం.

*

2015లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ వచ్చినప్పుడు గొడవ రెండు రకాలుగా జరిగింది. ఎనభై తొమ్మిదేళ్ళ లీ నిజంగా ఒప్పుకునే అచ్చేయించిందా అన్నది ఒకటి. రాష్ట్రం విచారించి, ఆమె మీద ఒత్తిడి లేదని తేల్చింది. రెండోది, ఆటికస్‌ని చెడగొట్టారని పాఠకుల ఏడుపు. ఎందుకంటే ఇందులో ఆటికస్‌కి డెబ్భై దాటాయి, కీళ్ళవాతం ఉంది, నల్లవాళ్ళకి సమానత్వం ఇంకా తగదని నమ్మకం ఉంది. న్యూయార్క్ నుంచి సెలవులకి వచ్చిన ఇరవై ఆరేళ్ళ జీన్ లూయీస్, అదే కోర్టు బాల్కనీలోంచి కిందికి చూస్తే, బడుల్లో తెల్లా నల్లా కలవకూడదని పెట్టుకున్న సభలో నాన్న కూర్చుని కనిపిస్తాడు.

ఇది తర్వాతి కథలా అనిపిస్తుంది కానీ, 1957లో ప్రచురణకర్త చేతికిచ్చిన మొదటి ప్రతి. సంపాదకురాలు టే హోహోఫ్ సలహాతో రెండేళ్ళకి పైగా తిరగరాస్తే ‘మాకింగ్‌బర్డ్’ అయింది. సాఫ్ట్‌వేర్ పనిలో రెండు వెర్షన్లని పక్కపక్కన పెట్టి ఏ వరస పోయింది, ఏది కొత్తగా చేరింది అని చూడటం రోజూ ఉండేదే. ఆ అలవాటుతోనే ఈ రెంటినీ చూశాను. పోయినదాంట్లో అన్నిటికంటే పెద్దది తండ్రి సభలో కూర్చున్న ఆ మధ్యాహ్నం. మారినదాంట్లో అన్నిటికంటే పెద్దది తీర్పు. ‘వాచ్‌మన్’లో ఆ అత్యాచారం కేసు గతంలో జరిగిన సంగతిగా ఒకచోట వచ్చి పోతుంది. అందులో ముద్దాయి నిర్దోషిగా విడుదలవుతాడు.

అంటే, తండ్రి జాత్యహంకారి అయిన ప్రతిలో కేసు గెలిచాడు. తండ్రి మహానుభావుడైన ప్రతిలో కేసు ఓడాడు. మొదటి ప్రతిలో ప్రశ్న ఇలా ఉండేది: కోర్టులో న్యాయంగా ఉన్న మనిషి, బయట అన్యాయం పక్కన ఎలా కూర్చోగలడు? రెండో ప్రతిలో ఆ ప్రశ్న పోయి, మంచి మనిషి, చెడ్డ తీర్పు మిగిలాయి. చెడుగు ఆ పన్నెండుమంది పేరు లేని జ్యూరీ మీదకి, చెత్తకుప్ప పక్కన బతికే ఈవెల్ కుటుంబం మీదకి వెళ్ళిపోయింది. ఊళ్ళో పెద్దమనిషి శుభ్రంగా మిగిలాడు.

నవలగా ‘వాచ్‌మన్’ బలహీనమైనదే. రెండో సగమంతా మనుషులు ఒకళ్ళకొకళ్ళు ఉపన్యాసాలిచ్చుకుంటారు. బాబాయి వచ్చి జీన్ లూయీస్‌ని చెంపదెబ్బ కొట్టి దారికి తేవడం చదివితే ఒళ్ళు మండుతుంది. కానీ ఊరి చరిత్రగా చూస్తే ఇదే నమ్మదగ్గ పుస్తకం. అందులో జీన్ లూయీస్ పుట్టిన ఇల్లు ఉండదు. ఆ స్థలంలో ఐస్‌క్రీమ్ కొట్టు ఉంటుంది. నిజంగా మన్రోవిల్‌లో కూడా లీ కుటుంబం ఇల్లు పడగొట్టేశారు. ఆ జాగాలో ఇప్పుడు ఐస్‌క్రీమూ బర్గర్లూ అమ్మే కొట్టుంది. ఇల్లు పోయాక ఊరు దాన్ని పుస్తకంలో వెతుక్కుంది.

*

ఈ ఊరి గురించి మూడో పుస్తకం ఒకటుంది. రాసినవాడు ఆ ఊరివాడు కాడు. డిల్ లాగే బయటినుంచి వచ్చిన చెవి.

1986 నవంబర్ 1న మన్రోవిల్‌లో ఒక డ్రై క్లీనింగ్ షాపులో పనిచేసే పద్దెనిమిదేళ్ళ తెల్లమ్మాయిని ఎవరో చంపేశారు. నెలలు గడిచినా హంతకుడు దొరకలేదు. 1987 జూన్‌లో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. కాగితం మిల్లులకి కలప కొట్టి సరఫరా చేసే సొంత పని అతనిది. అంతకుముందు ఒక తెల్లామెతో సంబంధం ఉందని ఊళ్ళో తెలిసింది. హత్య జరిగిన పొద్దున అతను ఇంటి దగ్గరే, చేపలు వేయించి అమ్ముతున్న చోట ఉన్నాడని చెప్పగలిగినవాళ్ళు డజన్లకొద్దీ ఉన్నారు. అందరూ నల్లవాళ్ళు. విచారణ మొదలవకముందే, ఏడాదికి పైగా, అతన్ని మరణశిక్ష ఖైదీల వార్డులో ఉంచారు. 1988లో విచారణని తెల్లవాళ్ళు ఎక్కువున్న పక్క జిల్లాకి మార్చారు. పదకొండుమంది తెల్లవాళ్ళూ ఒక నల్లమనిషీ ఉన్న జ్యూరీ, రెండు రోజులు కూడా పట్టకుండా దోషి అంది. అయినా శిక్ష విషయంలో యావజ్జీవం చాలంది. అప్పటి అలబామా చట్టం ప్రకారం జడ్జి దాన్ని తోసిపుచ్చచ్చు. తోసిపుచ్చి మరణశిక్ష వేశాడు. ఆ జడ్జి పేరు రాబర్ట్ ఇ. లీ కీ. బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సేనాని పేరు అది. నవల్లో పెడితే మరీ అతిగా ఉందని సంపాదకులు కొట్టేసి ఉండేవాళ్ళు.

ఈ కేసుని తలకెత్తుకున్న లాయరు బ్రయన్ స్టీవెన్సన్. ప్రధాన సాక్షి తను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. మెక్‌మిలియన్‌ని ఇరికించమని తనని బలవంతపెడుతున్నారని ఆ సాక్షి ముందే మొత్తుకున్న టేపుని ముద్దాయి వైపు వాళ్ళకి ఇవ్వలేదని బయటపడింది. 1993 మార్చిలో మెక్‌మిలియన్ విడుదలయ్యాడు, ఆరేళ్ళ తర్వాత. స్టీవెన్సన్ 2014లో రాసిన ‘జస్ట్ మెర్సీ’ ఈ కథే. మొదటి అధ్యాయానికి మన్రోవిల్ నాటకబృందం పేరే పెట్టాడు. మాకింగ్‌బర్డ్ ఊరిగా గర్వపడేవాళ్ళకి, ఆ కథ తమ కళ్ళముందే మళ్ళీ నడుస్తోందని తట్టకపోవడం ఆ పుస్తకంలో మాటిమాటికీ కనిపిస్తుంది.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. మెక్‌మిలియన్ ఇంకా జైల్లో ఉండగానే పాత కోర్టులో నాటకాలు మొదలయ్యాయి. అతను బయటికొచ్చిన నాలుగేళ్ళకి ఆటికస్‌కి స్మారకం వచ్చింది.

దీన్ని కపటం అనెయ్యడం తేలిక. నాకది సరిపోదనిపిస్తుంది. నాటకంలో వేషాలు కట్టే బడి టీచర్లూ కొట్టువాళ్ళూ ఆ కథని మనసారా నమ్మే కడతారు. ఇది తప్పుగా చదవడం వల్ల వచ్చిన చిక్కు. నవల నుంచి ఊరు నేర్చుకున్నది ఇది: అన్యాయం జరిగితే ఒక ఆటికస్ లేస్తాడు, అతను మనవాడు. నేర్చుకోవలసింది ఇంకోటుంది. అంత గొప్ప వాదన విన్నాక కూడా ఈ ఊళ్ళో పన్నెండుమంది అదే తీర్పు ఇస్తారు. నవల ఆ రెండోదాన్ని దాచలేదు, చెప్పింది. కాకపోతే మొదటిదాన్ని మరీ అందంగా చెప్పింది. ప్రేమంతా లాయరు మీదకి మళ్ళించి, బోనులో ఉన్నవాడికి జాలి మిగిల్చింది. టామ్ రాబిన్సన్‌కి ఏం ఇష్టమో, దేనికి నవ్వేవాడో మనకి తెలీదు. ‘జస్ట్ మెర్సీ’లో మెక్‌మిలియన్ జోకులేస్తాడు, విసుక్కుంటాడు, విడుదలయ్యాక జ్ఞాపకశక్తి కోల్పోయి, తను మళ్ళీ జైల్లోనే ఉన్నాననుకుని భయపడతాడు. 2013లో పోయాడు. సాహిత్యపు పనితనంలో రెండు పుస్తకాలకీ పోలిక లేదు. కానీ ఒక మనిషిని పూర్తిగా చూపించడంలో రెండోది ముందుంది.

అందుకే ‘మాకింగ్‌బర్డ్’ని ఇప్పుడెవరైనా చదువుతానంటే, ఆ ఒక్కదానితో ఆపొద్దంటాను. ముందు అది, తర్వాత ‘వాచ్‌మన్’, ఆ తర్వాత ‘జస్ట్ మెర్సీ’. మూడూ ఒకే ఊరి కథ, మూడు అబద్ధాల్ని ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటూ వెళ్తాయి: మంచివాడుంటే చాలన్నది, మనవాళ్ళు మంచివాళ్ళన్నది, అదంతా ఎప్పుడో జరిగిందన్నది.

జడ్జి జ్యూరీని తోసిపుచ్చి మరణశిక్ష వేసే పద్ధతిని అలబామా 2017లో ఎత్తేసింది. పాత కేసులకి అది వర్తించదు. అలా శిక్ష పడినవాళ్ళు ఆ తర్వాత కూడా మరణశిక్ష వార్డుల్లోనే ఉండిపోయారు. వాళ్ళ పేర్లు ఏ ఊరి ప్రముఖుల జాబితాలోనూ ఉండవు. మన్రోవిల్ జాబితాని నన్ను దిద్దమంటే ఆటికస్ ఫించ్‌ని కొట్టెయ్యను, ఆయన కూడా ఆ ఊరి చరిత్రే. ఆయన కింద వాల్టర్ లెట్ అనీ, వాల్టర్ మెక్‌మిలియన్ అనీ రెండు పేర్లు చేరుస్తాను.